మూడో చొక్కా

ఆ ఎండాకాలం మా ఆయన పదకొండుసార్లు చచ్చిపోయాడు. పదకొండుసార్లూ చొక్కాలు కుట్టింది నేనే.

ఒక్కో చావుకి మూడు చొక్కాలు కావాలి. మూడూ ఒకే తానులోంచి, ఒకే కొలతతో. మొదటిది మామూలుగా కుడతాను, దెబ్బలాట మొదలయ్యే ముందు వేసుకోవడానికి. రెండోదానికి భుజాల దగ్గర కచ్చాకుట్టు మాత్రమే వేస్తాను. హీరో ఒక్క గుంజు గుంజితే పర్రున ఊడి రావాలి. మూడోదానికి ఎర్ర రంగు పూసి తీగ మీద ఆరేస్తాను. అది పైనుంచి పడేటప్పుడు వేసుకునేది. పెరట్లో తీగ నిండా నెత్తుటి చొక్కాలు వేలాడుతుంటే, కొత్తగా అద్దెకొచ్చిన పక్కింటావిడ రెండు రోజులు తలుపు తియ్యలేదు.

మా ఆయన పని పడడం. మేడ మీంచి, మెట్ల మీంచి, కదిలే జీపులోంచి పడడం. ఆ సినిమాలు హాళ్లకి వచ్చేవి కావు. పన్నెండు రోజుల్లో తీసి, క్యాసెట్టులోకి ఎక్కించి, తిన్నగా వీడియో షాపుల అరల్లోకి పంపేసేవారు. క్యాసెట్టు అట్ట మీద ఒక పిడికిలి, వెనకాల మంట, పైన హెలికాప్టరు. లోపల పిడికిలీ మంటా ఉండేవి. హెలికాప్టరు మాత్రం చప్పుడు వరకే.

తీసే చోటు కూడా ఒక్కటే, మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ. జైలు అదే, ఆసుపత్రి అదే, విలన్ బంగళా అదే. ఏళ్ల తరబడి సబ్బుపొడి ఇంకిన నేల అది. నాలుగు చినుకులు పడితే పైకప్పు కారి నేలంతా నురగ కక్కేది. మనిషి కాలు నిలవదు. అందుకని మొదటి వాన పడేలోపు ఆ ఏటి సినిమాలన్నీ ముగించేసేవారు.

డైరెక్టరుని అందరూ చాలు సార్ అనేవాళ్లు. షాట్ అయిందని చెప్పడానికి ఆయన ‘చాలు’ అంటాడు. ఏదైనా ఒక్కసారే తీస్తాడు. హీరో జారిపడ్డా చాలు, వెనకాల గోడ ఊగినా చాలు. మా ఆయన్ని బస్తా అనేవాళ్లు, బస్తా పడ్డట్టు పడతాడని. ఆ పేరుని ఆయన బిరుదులాగే మోసేవాడు. సినిమా మొదలైన పది నిమిషాల్లో బస్తా చావాలి. అప్పుడుగాని జనానికి విలన్ మీద భయం పుట్టదు.

ఈ సినిమాలకి మా ఇంట్లో ఒక భక్తురాలు ఉండేది, మా అత్తయ్య.

ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి వార్డులో ఆయాగా చేసి రిటైరైన మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను మిషను ముందు కూర్చుంటే, ఆవిడ రిమోటు పట్టుకుని టీవీ ముందు కూర్చునేది. ఆపి ఆపి, వెనక్కి తిప్పి తిప్పి చూసేది.

“అత్తయ్యా, అది ఇందాకటి జైలు గోడే. రెండు మంచాలు వేసి ఆసుపత్రి అంటున్నారు,” అన్నానొకరోజు.

“తెలుసులే అమ్మాయ్. ఆ పగులు నాకు చుట్టంలాగా అలవాటైపోయింది. చూడు, ఆ శవం కళ్లు ఆర్పుతోంది.”

“మరి అలాంటిదాన్ని ఎందుకు చూస్తారు?”

“ఆర్పుతోంది కాబట్టే.” ఆవిడ రిమోటు నొక్కి శవాన్ని మళ్లీ కళ్లు ఆర్పించింది. “పాపం ఎవరో, ఈగ వాలినట్టుంది. అంతమంది కష్టపడి, చెమటలు కక్కి, డబ్బుల్లేకపోయినా హెలికాప్టరు ఉందని మనల్ని నమ్మించాలని చూస్తున్నారే, ముచ్చటగా ఉండదూ? పెద్ద సినిమాల్లో పొరపాటు దొరికితే కోపం వస్తుంది. వీళ్లది దొరికితే మన పిల్లలు స్కూల్లో నాటకం వేసినట్టుంటుంది.”

దారం తెంపుతూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“ఇంకోటి చెప్పనా? నా వార్డులో పోయినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు కూడా మళ్లీ లేచి అన్నానికి రాలేదు. వీడు పొద్దున వెళ్తాడు, చస్తాడు, సాయంత్రానికి వంటేంటని అడుగుతూ వస్తాడు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు నాకు.”

నిజమే, గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆయన అనే మొదటి మాట అదే. అమ్మా, ఇవాళ వంటేంటి.

ఎండలు బాగా ముదిరాక, ఆ వేసవిలో తీసిన రెండో సినిమా క్యాసెట్టు ఇంటికొచ్చింది. అందులో ఆయన రెండుసార్లు చస్తాడు. మొదట కాపలావాడుగా, తర్వాత మీసం పెట్టుకుని పోలీసుగా. మా అత్తయ్య అప్పటికే వీధిలో నలుగురికీ చెప్పుకుంది. ఆ రోజు మాత్రం రెండో చావు దగ్గర టక్కున ఆపింది.

“అమ్మాయ్, మిషను ఆపి ఇలా రా. వీడి పెదాలు చూడు.”

చూశాను. హీరో పిడికిలి ఎత్తాడు. పిడికిలి ఎప్పుడూ ముఖానికి జానెడు దూరంలో పోతుంది. దెబ్బ తిన్నట్టు తల తిప్పడం పడేవాడి పనితనం. మా ఆయన కళ్లు పిడికిలి మీద లేవు. పెదాలు మాత్రం సన్నగా కదులుతున్నాయి.

“శాపనార్థాలు పెడుతున్నారేమో,” అన్నాను.

“కాదు. లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడుకి తల తిప్పాడు.” వెనక్కి తిప్పి మళ్లీ చూపించింది. “పోయినేడాది వరకూ చెయ్యి చూసి తిప్పేవాడు. ఇప్పుడు లెక్కపెట్టి తిప్పుతున్నాడు. మీదికొచ్చే చెయ్యి వీడికి కనిపించడం లేదు.”

నేను లోపలికెళ్లి బీరువా తీశాను. సినిమా చొక్కాలు కాదు, ఆయన ఇంట్లో వేసుకునేవి. ఒక్కొక్కటే వెలుగులో పెట్టి చూశాను. అన్నిటికీ ఎడమ భుజం మీదే నూలు పేలింది. ఎడమ మోచెయ్యి దగ్గరే అరిగింది. కుడివైపు కొత్తదానిలా ఉంది. ఈ మనిషి కొన్నాళ్లుగా ఎడమవైపు గుమ్మాలకి రాసుకుంటూ తిరుగుతున్నాడు. వాటికి మాసికలు వేసింది నేనే. ఎందుకు చిరుగుతున్నాయని ఒక్కసారీ అనుకోలేదు.

మర్నాడు ఆయనకి సెలవు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. అత్తయ్య మంచినీళ్ల గ్లాసు తెచ్చి కంచానికి ఎడమ పక్కన చప్పుడు కాకుండా పెట్టింది. ఆయన రెండు ముద్దలు తిని, “నీళ్లేవి?” అన్నాడు.

అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయనకి అర్థమైపోయింది. తల పూర్తిగా ఎడమకి తిప్పి గ్లాసు చూశాడు.

“ఎన్నాళ్లయిందిరా?” అంది అత్తయ్య.

“చలికాలం నుంచి.”

“డాక్టరుకి చూపించావా?”

“చూపించాను. ఎడమ కంటి లోపలి పొర ఊడిందట. ఆలస్యం చేశావు, ఇక చూపు రాదన్నాడు.” ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద మాత్రం ఎత్తడం లేదు. “కుడి కంటిలో పొర కూడా పలచగానే ఉందట. గట్టి కుదుపులు వద్దన్నాడు.”

“మీరు చేసేదే కుదుపుల పని కదండీ,” అన్నాను.

“ఇంకొక్కటే. ఈ నెలాఖరు సినిమా ఒక్కటి చేసి మానేస్తాను.”

ఆ సినిమా పేరు ఆఖరి గిడ్డంగి మూడు. మొదటిదాని పేరే ఆఖరి గిడ్డంగి. అది బాగా ఆడేసరికి ఆ తర్వాత కూడా గిడ్డంగులు దొరికాయి. అందులో మా ఆయన విలన్ కుడిభుజం. పదమూడేళ్లలో మొదటిసారి ఆయనకి మాటలున్నాయి. మొదటిసారి మొహం దగ్గరగా చూపిస్తారు. మొదటిసారి అందరికంటే ఆఖర్న చస్తాడు. కాకపోతే చావాల్సింది మూడో అంతస్తు మీంచి, వెనక్కి, కింద పేర్చిన ఖాళీ అట్టపెట్టెల మీదికి.

“మూడంతస్తులు,” అన్నాను.

“ఎప్పుడూ ఎవడో వచ్చి కొడితే పోయే పాత్రలేగా. ఒక్కసారి జనం నా మొహం గుర్తుపెట్టుకునేలా పోతాను. చాలు సార్ నన్ను నమ్మి రాయించాడు.” తల్లి వైపు తిరిగాడు. “వద్దనకమ్మా.”

అత్తయ్య వద్దనలేదు. గ్లాసు తీసి కుడివైపు పెట్టింది. “షూటింగుకి నేనూ వస్తాను,” అంది, అంతే.

వద్దనే ధైర్యం నాకూ లేదు. దొంగపని చేసే ధైర్యం ఉంది. ఆ సినిమాకి బూడిదరంగు తానులోంచి మూడు చొక్కాలు కుట్టాను. రెండే మడతపెట్టి ఇచ్చాను. మూడోది, పై నుంచి పడేది, నా సంచి అడుగున దాచాను. మిగతా రెండూ దెబ్బలాటకే సరి, అదే చొక్కా లేకపోతే అదే మనిషి ఎలా పడతాడు? కొత్తది కుట్టాలంటే రెండు రోజులు. ఆకాశం అప్పటికే మబ్బుపట్టింది. ఈలోపు వాన పడితే ఫ్యాక్టరీ నురగెత్తుతుంది, ఏడాదికి మూతపడుతుంది. ఇదీ నా లెక్క.

పదమూడేళ్లు ఆ సినిమాలకి బట్టలు కుట్టి కూడా, అవి ఎలాంటి సినిమాలో మరిచిపోయి వేసిన లెక్క.

ఆ రోజు పొద్దున ఫ్యాక్టరీలో సబ్బు వాసన గుప్పుమంటోంది. కింద అట్టపెట్టెలు మనిషెత్తు పేర్చి, పైన పరుపులు పరిచారు. అత్తయ్య ఉతికిన చీర కట్టుకుని, ఒక డబ్బా మీద కూర్చుని, ఇన్నాళ్లూ టీవీలో చూసిన పగులుని చేత్తో తడిమి చూస్తోంది. హీరో వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మిగతా రోజుల్లో జిమ్ములో కోచింగు ఇచ్చే కుర్రాడు, కండలున్నంత గర్వం లేదు.

“టైలరమ్మా, మూడో చొక్కా ఏది?” అన్నాడు చాలు సార్.

“అయ్యో, పొరపాటైపోయింది సార్. రెండే కుట్టాను. రెండు రోజులు టైమిస్తే…”

ఆయన మబ్బుల వైపు చూశాడు. నా వైపు చూశాడు. “ఆ పెట్టెలు పేర్చిన మేస్త్రీ చొక్కా ఎర్రగా ఉంది, అడగండి. పైన ఉన్నప్పుడు బూడిదరంగు, పడేటప్పుడు ఎరుపు. ఏమైంది? నెత్తుటితో ఎర్రబడిందనుకుంటారు. ఎవరు చూస్తారు? చాలు.”

ఒక్క చొక్కాతో ఆపగలననుకున్న నా తెలివికి నాకే జాలేసింది. మా ఆయన అప్పటికే ఇనుప మెట్ల వైపు నడుస్తున్నాడు.

“నేను చూస్తాను,” అంది అత్తయ్య.

చాలు సార్ వెనక్కి తిరిగాడు. “ఏంటమ్మా?”

“ఎవరు చూస్తారన్నావుగా బాబూ. నేను చూస్తాను. మీవి ఒక్కటి వదల్లేదు. ఆపి ఆపి చూస్తాను. మీ గోడ మీద పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కళ్లు మూసుకుని చెప్పగలను. రెండో గిడ్డంగిలో మీరు అద్దంలో కనిపించారు, చేతిలో టీ గ్లాసుతో.”

ఆ మనిషి నలభై సినిమాలు తీశాడు. వాటిని చూసిన మనిషిని ఎదురుగా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. ఒక డబ్బా లాక్కుని ఆవిడకెదురుగా కూర్చున్నాడు.

“బాగుందామ్మా అది? రెండో గిడ్డంగి?” అన్నాడు, ఇంచుమించు గుసగుసగా.

“బాగుంది కాబట్టే ఆరుసార్లు చూశాను. ఆరుసార్లూ మావాడి పెదాలు కదలలేదు. ఈ ఏడు కదులుతున్నాయి. ఎడమ కన్ను కనిపించక లెక్కపెట్టుకుంటున్నాడు. కుడిది కూడా కుదుపు తగిలితే పోతుందన్నారు.”

మెట్ల మీద మా ఆయన ఆగిపోయాడు. “అమ్మా,” అన్నాడు.

“నాకు తెలుసు పెద్దమ్మా,” అన్నాడు హీరో నేలచూపులు చూస్తూ. “వేసవి మొదట్లోనే తెలిసింది. అందుకే కొట్టేముందు ఒకటి, రెండు, మూడు అని పైకి చెప్తున్నాను. శబ్దం తర్వాతేగా వేసుకునేది, ఎవరికీ వినపడదని.”

మా ఆయన అతని వైపు అలాగే చూశాడు. “జిమ్ములో అలవాటనుకున్నానురా,” అన్నాడు చివరికి.

“అలవాటే. కాని జిమ్ములో పదిహేను దాకా చెప్తాం.”

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. చాలు సార్ నవ్వలేదు. “నాకొక్కమాట చెప్పొచ్చుగా బస్తా?”

“చెబితే మానిపించేవారు సార్.”

“మానిపించేవాణ్ణే.” ఆయన లేచి మూడో అంతస్తు వైపు, ఆ పైన రేకుల సందుల్లోంచి నల్లబడుతున్న ఆకాశం వైపు చూశాడు. “ఎవరైనా ఒక గోనెసంచి తీసుకురండి. పెద్దది.”

మా ఆయన మొహం వాడిపోయింది. పదమూడేళ్లుగా ఆయన బదులు ఒక్క బొమ్మ కూడా పడలేదు. అది ఆయన పరువు. “సార్, బొమ్మ అని పసివాళ్లకి కూడా తెలిసిపోతుంది. మోచెయ్యి వెనక్కి వంగుతుంది. నవ్వుతారు.”

“నవ్వుతాంరా,” అంది అత్తయ్య. “నవ్వి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి నవ్వుతాం. నువ్వు నిజంగా పడి, ఆ తర్వాత ఏదీ చూడలేకపోతే నేను వెనక్కి తిప్పలేను నాన్నా.”

గోనెసంచి వచ్చింది. సినిమావాళ్లూ, కూలీలూ కలిసి అందులో చించిన అట్టపెట్టెలు, గుడ్డపీలికలు కుక్కారు. నేను నేల మీద కూర్చుని దబ్బనంతో చేతులూ కాళ్లూ కుట్టాను. తలకి ఇంకో చిన్న సంచి. కుట్టడం అయ్యాక అందరూ దానికి ఏం తొడగాలా అని చూస్తుంటే, నా సంచి అడుగు నుంచి మూడో చొక్కా తీశాను.

మా ఆయన నన్ను చూశాడు. చొక్కాని చూశాడు. నేను దాన్ని బొమ్మకి తొడిగి బొత్తాలు పెట్టాను.

బొమ్మకి కాళ్లు బోసిగా ఉన్నాయి. ఆయన నెమ్మదిగా మెట్ల మీద కూర్చున్నాడు. ఒక బూటు లేసు విప్పాడు. రెండోది విప్పాడు. లేచి వచ్చి, బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని దాని కాళ్లకి తొడిగాడు. పడే ముందు ప్రతిసారీ తను ఎలా వేసుకుంటాడో అలాగే, ఒకటికి రెండు ముళ్లు బిగించాడు. తర్వాత దాన్ని భుజాన వేసుకుని తనే మూడో అంతస్తుకి మోసుకెళ్లాడు, వట్టి కాళ్లతో, కుడిచేత్తో మెట్ల కమ్మీ తడుముకుంటూ.

“ఒకటి,” అన్నాడు కిందనుంచి హీరో. “రెండు,” అన్నారు ఇంకెవరో. మూడు మేమందరం అన్నాం.

బొమ్మ పడింది. మధ్యలో ఒక గొట్టానికి తగిలి గిర్రున తిరిగింది. ఒక చెయ్యి మెడ చుట్టూ చుట్టుకుంది, ఏ మనిషి చెయ్యీ చుట్టుకోని విధంగా. అట్టపెట్టెల మధ్య ధబ్బున కూరుకుపోయింది. పైనుంచి ఆయన తొంగి చూసి, తట్టుకోలేక, పకపకా నవ్వాడు. ఆ చలికాలం తర్వాత ఆయన అలా నవ్వగా వినడం అదే మొదటిసారి.

“చాలు,” అన్నాడు చాలు సార్. ఆయన కూడా కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఇక మిగిలింది దగ్గరి నుంచి మొహం చూపించే షాటు. బొమ్మ మీంచి చొక్కా విప్పి ఆయనకి తొడిగాను. ఆయన అట్టపెట్టెల మీద పడుకున్నాడు. పెదాల పక్కన ఎర్ర రంగు రాశాను. కెమెరా పక్కనే అత్తయ్య డబ్బా వేసుకుని కూర్చుంది. అప్పటికే రేకుల మీద మొదటి చినుకులు టపటపమంటున్నాయి.

“రాసిచ్చిన మాట మరిచిపోయినా పర్లేదు, ఏదో ఒకటి అను. శబ్దం తర్వాత వేసుకుందాం. కాని త్వరగా,” అన్నాడు చాలు సార్.

ఆయన చావడానికి సిద్ధమై, తల్లి వైపు చూసి, ఏదో అన్నాడు. రేకుల చప్పుడులో నాకు వినపడలేదు. కళ్లు మూశాడు. చాలు.

మేం సామాన్లు సర్దేలోపే నేల తెల్లగా పొంగడం మొదలుపెట్టింది. కెమెరాని తలకెత్తుకుని ఒకళ్లు, లైట్లు పట్టుకుని ఒకళ్లు గునగునా నడిచారు. మడమల దాకా నురగ. మా ఆయన వట్టి కాళ్లతో నడుస్తుంటే అత్తయ్య ఆయన ఎడమ భుజం పట్టుకుంది. “ఎడమ పక్కన గుమ్మం ఉంది, కాస్త ఇటు. ఆ, ఇప్పుడు మెట్టు.” అప్పటిదాకా ఇంట్లో ఎవరినీ దారి అడగని మనిషి, ఆవిడ చెప్పినట్టల్లా అడుగేశాడు.

ఆయన మళ్లీ పడలేదు. వానలు పడ్డ ఆ రెండు నెలలూ మా ఇంటి ముందుగది నిండా గోనెసంచులే. మోచెయ్యి వెనక్కి వంగకుండా లోపల చెక్కముక్క ఎలా పెట్టాలో ఆయన కనిపెట్టాడు. నేను కుట్టేదాన్ని. ఇప్పటికీ వీడియో సినిమావాళ్లకి పడే బొమ్మలు కావాలంటే మా ఇంటికే రావాలి. మొదటి బొమ్మల్ని చూసి పక్కింటావిడ మళ్లీ రెండు రోజులు తలుపు తియ్యలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఆఖరి గిడ్డంగి మూడు క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద పిడికిలి, మంట, ఈసారి రెండు హెలికాప్టర్లు. ఒక మూల మా ఆయన మొహం కూడా వేశారు, వేలిగోరంత. ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. ఆయన ఎడమ చివర కూర్చుంటే మేమిద్దరం ఆయనకి కుడివైపు ఉంటాం. ఇంట్లో అదే మా వరస అయిపోయింది అప్పటికి.

బొమ్మ పడింది. గిర్రున తిరిగింది. చెయ్యి మెడకి చుట్టుకుంది. అత్తయ్య నాలుగుసార్లు వెనక్కి తిప్పింది. నాలుగుసార్లూ నవ్వాం, ఆయనే ఎక్కువ.

తర్వాత దగ్గరగా మొహం వచ్చింది. తెర నిండా మా ఆయన మొహం, నేను రాసిన ఎర్ర రంగుతో. ఎవరిదో బొంగురు గొంతు వేశారు. “ఎన్ని జన్మలెత్తినా నిన్ను వదలను,” అంది ఆ గొంతు, హీరోని ఉద్దేశించి, ఉరుములతో సహా.

పెదాలు దానికి కుదరలేదు. అత్తయ్య ఆపింది. వెనక్కి తిప్పింది. ఈసారి శబ్దం పూర్తిగా తగ్గించేసి, మళ్లీ పెట్టింది.

గొంతు లేకుండా ఆయన ఆవిడ వైపు చూసి, అట్టపెట్టెల మీద నుంచి, తీరిగ్గా అడిగాడు. నాక్కూడా స్పష్టంగా కనిపించింది.

అమ్మా, ఇవాళ వంటేంటి.

కళ్లు మూశాడు. అత్తయ్య రిమోటు ఒళ్లో పెట్టుకుని, తెర మీద చచ్చిపోయిన కొడుకుని కాసేపు చూసింది.

“నీకిష్టమైందే,” అంది తెరతో. “లే. చల్లారిపోతుంది.”